పల్లె మండలంలో పాత రికార్డులు వెతకడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తాతగారి పేరున ఉన్న పొలం, నాన్నమ్మ పుట్టిన తేదీ, ఎప్పుడో జరిగిన అన్నదమ్ముల పంపకం, ఊరి చెరువు అసలు విస్తీర్ణం వంటి వాటికి సంబంధించిన కాగితం ఎక్కడో ఒకచోట ఉంటుంది. అది ఏ కార్యాలయంలో, ఏ పేరుతో, ఏ సంవత్సరం కట్టలో ఉందో తెలియకపోవడం వల్లనే మన పల్లెల్లో చాలా కుటుంబాలు నష్టపోతున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామీణ మండలాల్లో రికార్డులు వెతికేవారు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలకు, మా కుటుంబం పొలం కోసం తిరిగినప్పుడు నేర్చుకున్నదాన్ని కూడా కలుపుకొని ఇక్కడ సమాధానాలు రాస్తున్నాను.

వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇంట్లోనే మొదలుపెట్టాలి. ట్రంకుపెట్టెలో ఉన్న పాత శిస్తు రసీదు, చిరిగిన పాస్ పుస్తకం, సహకార సంఘం అప్పు కాగితం, పెళ్లిలో పసుపు కుంకుమల కింద పొలం ఇచ్చినప్పుడు రాసిన దస్తావేజు వంటి వాటిలో దేని మీదనైనా ఒక సర్వే నంబరో, ఖాతా నంబరో, దస్తావేజు నంబరో ఉంటే పని సగం తేలికవుతుంది. ఏమీ లేకపోతే ఊళ్లో పక్క పొలం వారిని అడగండి. వారి దస్తావేజులోని చెక్కుబందిలో, అంటే నాలుగు వైపుల హద్దుల వివరంలో, తూర్పుకో పడమరకో మీ తాతగారి పేరు కనిపిస్తుంది. ఆ హద్దును బట్టి సర్వే నంబరు పట్టుకోవచ్చు.

ఆ తర్వాత కార్యాలయానికి వెళ్లేముందు, మీ ఊరు ఇప్పుడు ఏ మండలంలో ఉందన్నదే కాక, పూర్వం ఏ తాలూకాలో ఉండేదో కూడా తెలుసుకోవాలి. మండలాలు 1985లో వచ్చాయి. అంతకుముందు కాగితాలన్నీ తాలూకా, ఫిర్కా పేర్లతోనే ఉంటాయి. తెలంగాణలో 2016లో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇలా విడిపోయిన ప్రతిసారీ కొన్ని కట్టలు కొత్త కార్యాలయానికి తరలి వెళ్లాయి, కొన్ని పాత చోటనే ఉండిపోయాయి. మీ ఊరి కాగితాలు మండలంలో లేవని చెప్పినప్పుడు, పాత తాలూకా కేంద్రంలో అడిగామా అన్నది మీరు వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

తహసీల్దారు, సబ్ రిజిస్ట్రారు, సర్వేయరు, పంచాయతీ కార్యదర్శి: ఎవరి దగ్గర ఏముంటుంది?

భూమి ఎవరి పేరున ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు, అది పట్టా భూమా, ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమా, పోరంబోకా అన్నది తహసీల్దారు కార్యాలయంలోని రెవెన్యూ రికార్డు చెబుతుంది. ఎవరు ఎవరికి అమ్మారు, తాకట్టు పెట్టారు, దానమిచ్చారు అన్నది సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఉంటుంది. ఆ భూమి ఆకారం, కొలతలు, హద్దు రాళ్ల స్థానాలు సర్వే శాఖ పటాల్లో ఉంటాయి. ఇంటి పన్ను, జనన మరణాల నమోదు, గ్రామసభ తీర్మానాలు పంచాయతీలో దొరుకుతాయి.

ఒకే పొలం గురించి రెవెన్యూ, రిజిస్ట్రేషన్, సర్వే శాఖలు మూడు వేర్వేరు అవసరాల కోసం రాసుకున్నాయి. శిస్తు వసూలుకు రాసుకున్నది ఒకటి, లావాదేవీ నమోదుకు రాసుకున్నది మరొకటి, కొలతకు గీసుకున్నది ఇంకొకటి. అందువల్ల ఏ ఒక్కటీ పూర్తి కథ చెప్పదు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివినప్పుడే ఎక్కడ తేడా వచ్చిందో కనిపిస్తుంది. ఈ పేజీలో నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే.

కోస్తా, రాయలసీమ జిల్లాల్లో అడగవలసిన పాత రెవెన్యూ రికార్డుల పేర్లు ఏమిటి?

అన్నిటికీ మూలం ఆర్‌ఎస్‌ఆర్, అంటే రీసెటిల్‌మెంట్ రిజిస్టరు. బ్రిటిష్ కాలంలో రీసెటిల్‌మెంట్ జరిగినప్పుడు ఊరిలోని ప్రతి సర్వే నంబరుకూ విస్తీర్ణం, నేల రకం, శిస్తు, పట్టాదారు పేరు రాసిన రిజిస్టరు ఇది. కొన్ని జిల్లాల్లో దీనినే డైగ్లాట్ అంటారు. జమీందారీ, ఇనాం గ్రామాలైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌ను అడగాలి. ఏటేటా పంటను, సాగుదారును నమోదు చేసే గ్రామ లెక్క నంబరు 3ను అడంగల్ అంటాము. పట్టాదారు వారీగా ఉండేది గ్రామ లెక్క నంబరు 10(1). 1971 నాటి పట్టాదారు పాస్ పుస్తకాల చట్టం కింద వచ్చిన హక్కుల రికార్డు 1బి. కొలతల పటం పేరు ఎఫ్‌ఎంబీ.

ఈ పేర్లు తెలియకపోతే ఏమవుతుందో మాకు అనుభవమే. 2018లో మా బాబాయి కూతురి పెళ్లి కోసం పొలంలో కొంత అమ్మబోతే, ఆ సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉందని రిజిస్ట్రేషన్ ఆగిపోయింది. కారణం అడిగితే ఎవరూ చెప్పలేదు. రెండు నెలలు తిరిగిన తర్వాత ఒక మండల కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ చూపించమని రాతపూర్వకంగా కోరాము. అక్కడి గుమాస్తా, ‘‘కంప్యూటర్లో ఉన్నదే రికార్డండీ, పాతది చూడవలసిన పని లేదు’’ అన్నాడు. ‘‘దీన్ని చూసే కదా బాబూ కంప్యూటర్లోకి ఎక్కించింది’’ అన్నారు బాబాయి. చివరికి ఎర్ర గుడ్డ మూట విప్పి, అట్ట ఊడిపోయిన పుస్తకం బల్ల మీద పరిచాడు. మా సర్వే నంబరు వరుసలో విస్తీర్ణం ఉంది, నేల రకం ఉంది, శిస్తు ఉంది. పట్టాదారు పేరు ఉండవలసిన గడిలో మాత్రం సిరాతో పెట్టిన ఐదు చుక్కలు ఉన్నాయి.

సెటిల్‌మెంట్ నాటికి పట్టాదారు ఎవరో తేలనప్పుడు, అది ప్రభుత్వ భూమో ప్రైవేటు భూమో నిర్ణయించకుండా అప్పటి ఉద్యోగులు ఇలా చుక్కలు పెట్టి వదిలేశారు. వీటినే చుక్కల భూములు అంటున్నారు. తరతరాలుగా సాగు చేసుకుంటున్నవారి పొలాలు కూడా ఈ చుక్కల వల్ల రిజిస్ట్రేషన్ చట్టం 22ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలోకి వెళ్లాయి. ఆంధ్రప్రదేశ్‌లో వీటి పరిష్కారానికి 2017లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది. ఆ పేజీని కళ్లతో చూసేవరకు మా సమస్యకు పేరేమిటో మాకు తెలియదు. పేరు తెలిసిన తర్వాతనే ఏ దరఖాస్తు పెట్టాలో తెలిసింది.

తెలంగాణ గ్రామాల్లో అవే పేర్లు వాడతారా?

వాడరు. నిజాం కాలపు రెవెన్యూ పద్ధతి వేరు కాబట్టి పేర్లూ వేరు. మూల సర్వే రిజిస్టరును సేత్వార్ అంటారు. ఆ తర్వాత సబ్ డివిజన్లు జరిగితే సప్లిమెంటరీ సేత్వార్ ఉంటుంది. వసూల్ బాకీ, ఫైసల్ పట్టి శిస్తుకు సంబంధించినవి. కొలతల పటం టిప్పన్. ఏటేటా రాసే అడంగల్‌ను ఇక్కడ పహాణీ అంటారు. అన్నిటికంటే ఎక్కువగా కోర్టుల్లోనూ, ఆర్డీవో దగ్గరా అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. అందులో పట్టాదారు ఎవరో, వాస్తవంగా భూమి మీద ఉన్నదెవరో రెండూ రాశారు. దాని వెంటనే వచ్చిన 1955-58 చేసలా పహాణీ మూడేళ్లకు కలిపి రాసినది. ఖాస్రాలో పేరు ఉండి చేసలాలో మారినట్లయితే, ఆ మార్పుకు ఆధారమైన కాగితం ఏదో తప్పక వెతకాలి.

పాత సేత్వార్లు ఉర్దూలో ఉంటాయి. చదవగలవారి సాయం తీసుకోండి, కానీ నోటిమాట అనువాదంతో సరిపెట్టుకోవద్దు. సర్టిఫైడ్ నకలు తీసుకుని, అనువాదం రాయించుకుని రెండూ కలిపి ఉంచుకోండి.

విస్తీర్ణం చదివేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. ఆంధ్ర రికార్డులో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. తెలంగాణ రికార్డులో 2-20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఎకరానికి 40 గుంటలు, గుంటకు రెండున్నర సెంట్లు. సరిహద్దు జిల్లాల్లో బంధుత్వాలున్నవారు ఈ తేడా గమనించక పంపకాల్లో తగవు పడడం నేను చూశాను.

కాగితాల మీద కనిపించే ఫసలీ సంవత్సరం అంటే ఏమిటి?

రెవెన్యూ లెక్కలకు వాడే సంవత్సరం. ఆంధ్ర జిల్లాల లెక్కల్లో ఇది జూలై 1న మొదలై జూన్ 30న ముగుస్తుంది. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1400 ఫసలీ అంటే 1990 జూలై నుంచి 1991 జూన్ వరకు అన్నమాట. మీరు అడంగల్ నకలు కోరేటప్పుడు ఫసలీ కూడా రాస్తే గుమాస్తా కట్టను త్వరగా తీయగలుగుతాడు.

ఆన్‌లైన్‌లో అన్నీ కనిపిస్తున్నప్పుడు కార్యాలయానికి ఎందుకు వెళ్లాలి?

ఆన్‌లైన్ సేవలు నిజంగానే ఎంతో మేలు చేశాయి. 2015లో వచ్చిన మీభూమిలో ఆంధ్రప్రదేశ్ అడంగల్, 1బి, గ్రామ పటం ఇంటి నుంచే చూడవచ్చు. తెలంగాణలో 2020 అక్టోబర్ 29న ధరణి మొదలైంది. దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూ భారతి వచ్చింది. కానీ వీటిలో ప్రధానంగా కనిపించేది ఇప్పటి పరిస్థితి. ఆ పేరు అక్కడికి ఎలా వచ్చిందన్న చరిత్ర పాత కాగితంలోనే ఉంటుంది. పైగా చేతిరాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడు ఇంటిపేర్లు మారిపోయాయి, సబ్ డివిజన్ అక్షరాలు తారుమారయ్యాయి, కొన్ని నంబర్లు రానేలేదు. ధరణి కాలంలో అనుభవదారు గడినే తొలగించారు కాబట్టి, తెలంగాణలో భూమి మీద ఎవరున్నారో తెలియాలంటే 2020కి ముందు సంవత్సరాల పహాణీలు తీయక తప్పదు.

ఆన్‌లైన్ ప్రతిలో, పాత ప్రతిలో తేడా కనిపిస్తే తేడా ఏ సంవత్సరంలో మొదలైందో పట్టుకోవాలి. ఐదేళ్లకొకటి చొప్పున అడంగల్ నకళ్లు తీసుకుంటూ వెనక్కి వెళితే, పేరు మారిన ఐదేళ్లు తెలుస్తాయి. ఆ ఐదింటినీ విడివిడిగా తీస్తే కచ్చితమైన సంవత్సరం దొరుకుతుంది. ముప్ఫై ఏళ్ల నకళ్లన్నీ ఒకేసారి అడిగి డబ్బు, సమయం పోగొట్టుకోనవసరం లేదు.

ఈసీ తీస్తే భూమి చరిత్ర మొత్తం వచ్చినట్లేనా?

కాదు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పట్టిక మాత్రమే. తండ్రి పోయిన తర్వాత కొడుకులకు వారసత్వంగా వచ్చినది అందులో ఉండదు. పెద్దమనుషుల సమక్షంలో రాసుకున్న పారీఖత్తు, అంటే పంపకాల కాగితం ఉండదు. తెలంగాణలో సాదాబైనామా అనే తెల్లకాగితం కొనుగోళ్లు ఉండవు. వీలునామా రిజిస్టరు చేసినా అది వేరే పుస్తకంలో ఉంటుంది కాబట్టి ఈసీలో రాదు. ఈసీ నిల్ వచ్చిందంటే భూమికి తగాదా లేదని కాదు, మీరు అడిగిన వివరాలతో ఏ దస్తావేజూ కనిపించలేదని మాత్రమే అర్థం.

ఆ ‘‘మీరు అడిగిన వివరాలతో’’ అన్నది చాలా ముఖ్యం. దస్తావేజు లేఖరి 112/2ఎ అనవలసిన చోట 112/2 అని రాసి ఉంటే, 112/2ఎ అని వెతికినప్పుడు అది రాకపోవచ్చు. కాబట్టి మొత్తం సర్వే నంబరుతో ఒకసారి, ప్రతి సబ్ డివిజన్‌తో ఒకసారి, దస్తావేజు నంబరు తెలిస్తే దానితో ఒకసారి వెతకండి. మీ ఊరు ఒక సబ్ రిజిస్ట్రారు పరిధి నుంచి మరొకదానికి మారి ఉంటే రెండుచోట్లా తీయాలి. తెలంగాణలో 2020 అక్టోబర్ చివరి నుంచి వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ తహసీల్దారు కార్యాలయానికి మారింది కాబట్టి, ఆ తర్వాతి లావాదేవీలను భూ భారతి పోర్టల్‌లోనే చూడాలి.

1983కు ముందు దస్తావేజులు ఎలా దొరుకుతాయి?

కంప్యూటర్‌లో ఈసీ 1983 జనవరి 1 నుంచి మాత్రమే వస్తుంది. అంతకుముందు వాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతి వెతుకులాటకు దరఖాస్తు పెట్టి రుసుము కట్టాలి. అక్కడ రెండు రకాల సూచికలు ఉంటాయి: ఒకటి పేర్ల వారీగా, రెండోది ఊరు, సర్వే నంబరు వారీగా. మా తాతగారు 1950లలో కొన్న దస్తావేజు ఆస్తి సూచికలో దొరకలేదు. పేర్ల సూచికలో, అమ్మిన ఆయన పేరు కింద దొరికింది. కొన్నవారి పేరు ఒక్కటే పట్టుకుని వెతికితే మేము ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాళ్లం. అసలు దస్తావేజు చెదలు తినేసినా, రిజిస్టరు పుస్తకంలో ఎత్తిరాసిన ప్రతి నుంచి సర్టిఫైడ్ నకలు ఇచ్చారు. అసలులో ఏముందో రుజువు చేయడానికి ఆ నకలు చెల్లుతుందని రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షనే చెబుతోంది. చుక్కల భూముల దరఖాస్తుకు మేము జత చేసిన కాగితాల్లో బలమైనది అదే.

నాకు సంబంధం లేని ఆస్తి దస్తావేజు నకలు అడగవచ్చా?

స్థిరాస్తి దస్తావేజులు నమోదయ్యే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను రుసుము కట్టిన ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. పొలం కొనబోయేవారు అమ్మేవారిని మొహమాటపడి అడగకుండా ఊరుకోనవసరం లేదు. లింకు దస్తావేజులన్నీ మీరే తీసుకోవచ్చు. వీలునామాలు ఉండే 3వ పుస్తకం మాత్రం, రాసినవారు బతికున్నంతకాలం వారికి లేదా వారి ప్రతినిధికి తప్ప ఇతరులకు ఇవ్వరు. వారు మరణించిన తర్వాత ఎవరైనా అడగవచ్చు. స్థిరాస్తికి చెందని ఇతర దస్తావేజుల 4వ పుస్తకం నకలు ఆ దస్తావేజులో ఉన్నవారికి, దాని కింద హక్కు పొందేవారికి మాత్రమే ఇస్తారు.

ఒక్కో కాగితంలో పేరు ఒక్కో రకంగా ఉంది. ఏం చేయాలి?

ఇది అందరికీ ఉన్న ఇబ్బందే. ఒకే మనిషి శిస్తు రసీదులో సుబ్బడు, అడంగల్‌లో సుబ్బయ్య, దస్తావేజులో వెంకట సుబ్బయ్య అవుతాడు. దత్తత వెళితే ఇంటిపేరు మారుతుంది. ఆడవారి విషయంలో పుట్టింటి ఇంటిపేరుతో ఒకటి, అత్తింటి ఇంటిపేరుతో ఒకటి ఉంటాయి. అందుకే పేరుతో పాటు తండ్రి లేదా భర్త పేరు, సర్వే నంబరు, పక్క హద్దుదారులు కలుస్తున్నాయో లేదో చూడాలి. ఈ మూడూ కలిస్తే మనిషి ఒక్కరేనని చూపడానికి గట్టి ఆధారం ఉన్నట్లే. కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, పాత ఓటర్ల జాబితా, రేషన్ కార్డు, బడి రికార్డు ఆ లంకెను బలపరుస్తాయి.

మా ఊళ్లో రీసర్వే జరిగింది. పాత నంబరు ఇక పనికిరాదా?

పనికివస్తుంది, ఇంకా ఎక్కువగా పనికివస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న మొదలైన రీసర్వే పూర్తయిన గ్రామాల్లో సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. పాత దస్తావేజులూ, ఈసీ, బ్యాంకు తాకట్టు కాగితాలూ అన్నీ పాత నంబరుతోనే ఉంటాయి కాబట్టి, ఏ పాత నంబరు ఏ కొత్త నంబరు అయిందో చూపే పట్టికను సర్వేయరు దగ్గర అడిగి తీసుకోండి. పాత ఎఫ్‌ఎంబీ నకలు కూడా ఇప్పుడే తీసుకోవడం మంచిది. విస్తీర్ణం తగ్గిందని అభ్యంతరం చెప్పాలంటే పాత కొలత చేతిలో ఉండాలి. ఎఫ్‌ఎంబీ మండలంలో చిరిగిపోయి ఉంటే జిల్లా సర్వే కార్యాలయంలో అడగండి.

ఇల్లు గ్రామకంఠంలో ఉంది. దానికి అడంగల్ ఉండదా?

ఉండదు. ఊరి నివాస ప్రాంతమంతా ఒకే సర్వే నంబరు కింద గ్రామకంఠంగా, తెలంగాణలో ఆబాదీగా రాసి ఉంటుంది. లోపలి ఇళ్ల వారీగా పట్టాదారు పేరు రెవెన్యూ రికార్డులో రాయలేదు. పంచాయతీలోని ఇంటి పన్ను రిజిస్టరు, పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఉంటే రిజిస్టరు దస్తావేజులు ఇక్కడ ఆధారాలు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం కింద ఇలాంటి ప్రాంతాలను డ్రోన్లతో కొలుస్తున్నారు. మీ పంచాయతీలో ఆ పని జరిగిందో లేదో కార్యదర్శిని అడగండి.

జనన, మరణ ధ్రువపత్రాలు ఎక్కడ వెతకాలి?

పల్లెలో పంచాయతీ కార్యదర్శి దగ్గర వెతకాలి. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆ ఆసుపత్రి ఉన్న ఊరి పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో నమోదై ఉంటుంది. సొంత ఊళ్లో వెతికి లేదని నిరాశపడేవారిలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే ఉంటుంది. కాన్పుకు అమ్మ పుట్టింటికి వెళ్లి ఉంటే అమ్మమ్మగారి ఊరు అడగాలి. 1969 నాటి చట్టం ప్రకారం రుసుము కట్టి ఎవరైనా ఈ రిజిస్టరులో వెతికించి నకలు పొందవచ్చు. మరణ నమోదు నకలులో మరణ కారణం మాత్రం ఇవ్వరు. నమోదు 21 రోజుల్లో చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. అసలు నమోదే కాలేదని తేలితే, రికార్డు లభ్యం కాలేదన్న పత్రం రాతపూర్వకంగా తీసుకోండి. విదేశాల్లో ఉన్న పిల్లలకు వీసా పనుల్లో, ఇక్కడ ఆలస్య నమోదుకు ఆ పత్రమే మొదటి మెట్టు.

కోర్టు తీర్పులు, కేసుల వివరాలు?

ఈ-కోర్ట్స్ పోర్టల్‌లో జిల్లా, కోర్టు ఎంచుకుని పార్టీ పేరుతో వెతకవచ్చు. కానీ పాత కేసులన్నీ అందులో ఉండవు. పాత డిక్రీ కావాలంటే కేసు నంబరు, సంవత్సరం తెలుసుకుని అదే కోర్టులో నకలు దరఖాస్తు పెట్టాలి. కేసులో పార్టీ కానివారు తమకు ఎందుకు కావాలో అఫిడవిట్‌లో చెప్పవలసి ఉంటుంది. నంబరు తెలియకపోతే అప్పట్లో వాదించిన వకీలు గుమాస్తాను వెతికి పట్టుకోవడం కంటే మంచి దారి నాకు కనిపించలేదు.

‘‘రికార్డు దొరకడం లేదు’’ అంటే ఏం చేయాలి?

ముందు ఆ మాటను కాగితం మీదకు తేవాలి. నోటితో చెప్పిన జవాబుకు విలువ లేదు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు కట్టనవసరం లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో 30 రోజుల్లోపు అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు.

దరఖాస్తులో ‘‘మా భూమి వివరాలు ఇవ్వండి’’ అని రాస్తే ఏ జవాబూ రాదు. ‘‘ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానా, ఫలానా ఫసలీల అడంగల్ నకలు, ఆర్‌ఎస్‌ఆర్ ఆ పేజీ నకలు ఇవ్వగలరు, ఆ రిజిస్టర్లను స్వయంగా పరిశీలించడానికి తేదీ తెలియజేయగలరు’’ అని రాయండి. పరిశీలించే హక్కు ఆ చట్టంలోనే ఉంది, దానిని చాలామంది వాడుకోవడం లేదు. తప్పు కార్యాలయానికి దరఖాస్తు వెళ్లినా, ఐదు రోజుల్లో సరైన చోటికి పంపవలసిన బాధ్యత వారిదే. ఇతరుల వ్యక్తిగత సమాచారమని నిరాకరించవచ్చు కానీ, దొరకడం లేదన్నది చట్టంలోని మినహాయింపుల్లో లేదు. అలాంటి జవాబు వస్తే అదే రికార్డు మరో ప్రతి కోసం ఆర్డీవో కార్యాలయానికి, కలెక్టరేట్ రికార్డు గదికి వేరుగా దరఖాస్తు చేయండి. నిజాం కాలపు వాటి కోసం హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ను కూడా ప్రయత్నించవచ్చు.

1984-85లో కరణం, మునసబు, పటేల్, పట్వారీ వ్యవస్థలు రద్దయినప్పుడు గ్రామ లెక్కలన్నీ సక్రమంగా అప్పగింత కాలేదన్నది నేను చాలా ఊళ్లలో విన్న మాట. పాత కరణం గారి వారసుల ఇంట్లో కాగితాలు ఉంటే మర్యాదగా అడిగి చూడండి. అవి అధికారిక నకలుకు సమానం కావు, కానీ ఏ నంబరు వెతకాలో చెబుతాయి.

మేము విదేశంలో ఉంటున్నాము. ఇవన్నీ ఎవరితో చేయించాలి?

ఈసీ, 1బి, కేసు వివరాలు మీరే అక్కడి నుంచి చూసుకోవచ్చు. కార్యాలయం పనులకు నమ్మకమైన బంధువుకు ప్రత్యేక అధికార పత్రం రాసి, భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి పంపండి. అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. రికార్డులు వెతికి నకళ్లు తీసుకునే అధికారం మాత్రమే ఇవ్వండి. అమ్మే అధికారం ఆ పత్రంలో కలపవద్దు. ఇది బంధువుల మీద అనుమానంతో చెప్పడం లేదు. పత్రం ఎవరి చేతికైనా మారితే ఇబ్బంది పడేది ఆ బంధువే.

నకలు చేతికి వచ్చిన తర్వాత?

సంతకం, కార్యాలయ ముద్ర, తేదీ ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ముద్ర లేని జిరాక్సు కోర్టులో నిలవదు. ఏ పుస్తకం, ఎన్నో సంపుటం, ఏ పేజీ నుంచి ఇచ్చారో నకలులో లేకపోతే రాయించుకోండి. ఇంటికి వచ్చాక పెన్సిల్‌తో వెనుక వైపు కార్యాలయం పేరు, దరఖాస్తు నంబరు, మీరు వెళ్లిన తేదీ రాసి పెట్టండి. మా పొలం కాగితాలు చుక్కల భూముల దరఖాస్తులు చూసే జిల్లా కమిటీ ముందుకు వెళ్లిన రోజున, ఆర్‌ఎస్‌ఆర్ పేజీ ఎక్కడ చూశారని అడిగారు. బాబాయి నకలు తిరగేసి, వెనుక పెన్సిల్‌తో రాసుకున్న సంపుటం నంబరు, పేజీ చదివి వినిపించారు. ఆ పుస్తకాన్ని తెప్పించి చూశారు.